తాతకు దగ్గులు నేర్పే కార్డు

నవ్వించే గ్రీటింగ్ కార్డులన్నిటినీ ఒకచోట కుప్ప పోస్తే అందులో ఒక తాతగారు తప్పకుండా దొరుకుతారు. ముక్కు మీదకి జారిన కళ్లజోడు, చేతిలో తలకిందులుగా పట్టుకున్న ఫోను, పక్కనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్న మనవడు. ఒక కార్డులో తాతగారు టీవీ రిమోట్‌ని చెవికి ఆనించి హలో అంటారు. ఇంకో కార్డులో మౌస్ అన్న మాట వినగానే పిల్లిని తెమ్మంటారు. లోపలి పేజీ తిప్పితే పుట్టినరోజు శుభాకాంక్షలు. సారాంశం ఏమిటంటే నువ్వు పాతబడిపోయావు, మేం కొత్తగా మెరుస్తున్నాం, కేకు తిను. ఒకప్పుడు పట్నం దుకాణాల్లో డబ్బు పెట్టి కొనాల్సిన ఈ హాస్యం ఇప్పుడు మీమ్‌గా, రీల్‌గా, స్టేటస్‌గా అనకాపల్లి జిల్లా చోడవరం దాకా ఉచితంగా వచ్చేసింది. ‘ఏటి తాతా, ఇదీ రాదా?’ అన్న ప్రశ్న ఇంటింటా ఒక జాతీయ గీతమైంది. నవ్వు మీద ఈ కాలమ్‌కి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమంతా దాని గురి మీదే. తాతకి ఫోను రాదన్నది విచారణ లేకుండా ఇచ్చేసిన తీర్పు. సాక్ష్యాలన్నీ పిలిచి అడిగితే, ఆ ఇంట్లో నిజంగా కరువైంది ఓపిక అని తేలుతుంది.

మొదటి సాక్షి గ్రీటింగ్ కార్డే. 1980, 90 దశకాల్లో డిసెంబరు రాగానే మన ఊళ్లలో పుస్తకాల షాపుల ముందు, ఫ్యాన్సీ షాపుల ముందు తాళ్లు కట్టి కార్డులు వేలాడదీసేవారు. కొత్త సంవత్సరం వెనకే సంక్రాంతి. గులాబీలు, సూర్యోదయాలు, గొబ్బెమ్మలు, వీటన్నిటినీ వెనక్కి నెట్టి ముందు వరసలో సినిమా హీరోలు. కొనేవాళ్లంతా కుర్రాళ్లే. కవరు అంటించకుండా మడత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపుతో పోతుందన్న చిట్కా పాఠాలు రానివాడికీ వచ్చు. పక్క వీధి స్నేహితుడికి కూడా కార్డు పోస్టులోనే వెళ్లేది. అరుగు మీద కూర్చున్న ఆనాటి పెద్దలకి ఇది నచ్చేది కాదు. పొద్దున్న లేస్తే ఎదురుపడేవాడికి కార్డెందుకు, ఎవడో ఇంగ్లీషులో అచ్చేసిన నాలుగు ముక్కల కింద సంతకం పెట్టడానికి డబ్బులెందుకు, సొంతంగా ఉత్తరం రాయడానికి చేతులు పడిపోయాయా అని అడిగేవారు. ఇప్పుడు వయసులు లెక్కేసుకోండి. అప్పుడు హీరో బొమ్మ కొన్న కుర్రాడే ఇప్పుడు ఇంట్లో తాతగారు, లేదా తాతగారు కాబోతున్న నాన్నగారు. ఆయన కార్డు పంపడం ఎన్నడూ మానలేదు, దుకాణం మార్చాడంతే. బుక్ పోస్ట్ నుంచి ఎస్సెమ్మెస్‌కి, అక్కణ్నుంచి వాట్సాప్‌కి ఎవరూ నేర్పకుండానే నడిచి వచ్చాడు. ఆయన పంపిన గులాబీని చూసి ఇప్పుడు కొడుకు అడుగుతున్న ప్రశ్నలు అరుగు మీద ముసలాయన అడిగినవే. రోజూ కనిపించేవాడికి ఇదెందుకు, ఎవడో తయారుచేసిన బొమ్మ ఎందుకు, సొంతంగా ఒక మాట రాయలేరా? ముసలితనం వయసుతో వస్తుందంటారు గానీ, కొందరికి ఉచిత డేటాతో కూడా వస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

రెండో సాక్షి మరీ దూరంనుంచి వచ్చింది. మనవాళ్ల ఫోన్లు ఎందుకు బిగుసుకుపోతున్నాయో గూగుల్ పరిశోధకులు ఆరా తీస్తే, శుభోదయం బొమ్మలు కారణమని తేలిందని 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. భారతదేశంలో స్మార్ట్‌ఫోను వాడేవాళ్లలో ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోనులో జాగా నిండిపోతోందని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికే అని ఆ కథనంలో ఉంది. అయిదేళ్లలో శుభోదయం బొమ్మల కోసం వెతుకులాట పదింతలు పెరిగిందట. ఆ చెత్త ఊడ్చుకోవడానికి గూగుల్ 2017 డిసెంబరులోనే ఫైల్స్ గో అని ఒక యాప్ విడుదల చేసింది. ఫోను వాడడం రాని మనుషులు కాలిఫోర్నియా ఇంజనీర్ల చేత చీపురు పట్టించగలరా? పైగా ఈ బొమ్మల వెనక ఒక కట్టుబాటు ఉంది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, బుధవారం వినాయకుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకన్న, ఆదివారం సూర్యభగవానుడు. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడు కొలువై ఉన్నాడు కాబట్టి అక్కడి గ్రూపుల్లో బుధవారానికి స్థానిక అభిమానం కూడా తోడవుతుంది. మంగళవారం పొరపాటున లక్ష్మీదేవి వస్తే గ్రూపులో అరగంట చర్చ. తేదీ, తిథి, దేవుడు, దీపం, కింద తన పేరు, అన్నీ సూర్యోదయానికి ముందే ముస్తాబై బయలుదేరతాయి. ఒక దినపత్రికకి ఇంత క్రమశిక్షణ కావాలంటే డెస్కులో పదిమంది కూర్చోవాలి.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. ఒకరు పంపింది ఇంకొకరికి తోయడంలో గొప్పేముంది, అందులో ప్రేమెక్కడుంది, చెమటెక్కడుంది అని. గంభీరమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న అడగాల్సింది గ్రీటింగ్ కార్డు మూలపురుషుణ్ని. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీకి ఉత్తరం పోయే ఏర్పాటు రాగానే ఉత్తరాలు వరదలా వచ్చిపడ్డాయి. అందరికీ జవాబు రాయలేక తలపట్టుకున్న హెన్రీ కోల్ అనే ఉద్యోగి 1843లో జాన్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి, క్రిస్మస్ శుభాకాంక్షలు ముందే అచ్చేయించి, పేర్లు రాసుకోవడానికి ఖాళీలు వదిలాడు. వెయ్యి ప్రతులు వేశారు, ఒక్కోటి షిల్లింగ్‌కి అమ్మారు. అంటే కార్డు పుట్టిందే ఉత్తరం రాసే శ్రమ తప్పించుకోవడానికి. ఆ బొమ్మలో చంటిపిల్లకి కూడా ద్రాక్షసారా పట్టిస్తున్నారని అప్పటి పెద్దలు గొడవ చేశారు కూడా. మన తంతి ఆఫీసు ఇంకా పొదుపరి. పండక్కీ పెళ్లికీ పంపే శుభాకాంక్షలకి నంబర్లు ఇచ్చేసింది. పెళ్లికి రాలేని మేనమామ కౌంటరు దగ్గర ఒక అంకె చెబితే, దేవుడి దీవెనలన్నీ వధూవరుల మీద కురవాలన్న వాక్యం అటువైపు తయారుగా దిగేది. ఆ తంతిని పెళ్లిపందిట్లో పెద్దగా చదివి వినిపించి మురిసిపోయారే గానీ, ఈయనకి ప్రేమ లేదు, అంకె పంపాడు అని ఎవరూ అనలేదు. 2013 జూలైలో ఆ తంతి సేవే ముగిసిపోయింది. తయారైన ప్రేమని తాతగారు కనిపెట్టలేదు, వారసత్వంగా అందుకున్నారు. ఆయన చేసిన కొత్త పనల్లా దాన్ని ఏడాదికొకసారి కాకుండా రోజూ పంపడం.

రోజూ ఎందుకు అన్నదే అసలు సంగతి. బొమ్మలోని గులాబీ మీద ఎవరికీ ఆసక్తి లేదు, పంపినవాడికీ లేదు. ఆ బొమ్మ చేసేది హాజరు పని. నేను లేచాను, కళ్లు కనిపిస్తున్నాయి, వేలు కదులుతోంది అన్న మూడు వార్తలు అందులో ఉన్నాయి. కొడుకు న్యూజెర్సీలో ఉంటే చోడవరంలో ఉదయం ఐదింటికి బయలుదేరిన శుభోదయం చలికాలంలో అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నరకి చేరుతుంది. ఆఫీసు నుంచి నీరసంగా వస్తున్నవాడికి సూర్యోదయం చూపిస్తే ఒళ్లు మండడం సహజమే. కానీ ఆ బొమ్మ కింద నీలం టిక్కులు పడ్డాయా లేదా అన్నదే తాతగారికి కొడుకు క్షేమ సమాచారం. నీలం పడితే వాడూ బాగానే ఉన్నాడు. ఇలా రెండువైపులా బతికున్నట్టు రుజువులు మార్చుకోవడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ప్రభుత్వానికి ఏడాదికొకసారి రుజువు చూపించాలి. అందుకోసం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అని ఒక డిజిటల్ పథకమే పెట్టారు, దాన్ని ఆధునికత అన్నారు. అదే రుజువు తాతగారు ఏ పథకమూ లేకుండా రోజూ తెల్లారగట్ల ఇస్తుంటే దాన్ని చాదస్తం అంటున్నారు.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని నవ్వి తోసెయ్యకూడదు. పెద్దవాళ్లు గులాబీలతో ఆగడం లేదు, పుకార్లు కూడా పంపుతున్నారు అని. ఇది నిజం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్ల వల్ల 2018లో మన తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది, ప్రపంచంలో మరే దేశంలోనూ జనం ఇంతగా ఫార్వర్డ్ చేయరని కూడా చెప్పింది. 2020 ఏప్రిల్‌లో, చేతులు మారి మారి వచ్చిన సందేశమైతే ఒకసారికి ఒక్క చాట్‌కే అని ఇంకా బిగించింది. 2016 అమెరికా ఎన్నికల మీద జరిగి 2019లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఫేస్‌బుక్‌లో తప్పుడు వార్తల సైట్ల కథనాల్ని 65 దాటినవాళ్లు అందరికంటే చిన్న వయసువాళ్లకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా పంచారు. ఇంతవరకూ మనవడి పక్షమే నెగ్గింది. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. 65 దాటినవాళ్లలో అలాంటిది ఒక్కటైనా పంచినవాళ్లు 11 శాతమే. మిగతా పెద్దలు ఏ పాపమూ ఎరగరు, కార్డు మీద బొమ్మ మాత్రం అందరికీ కలిపి ఒకటే వేశారు.

ఆ కొద్దిమందీ ఎందుకు నమ్ముతారో కూడా ఆలోచించాలి. అచ్చులో కనబడిందంటే వెనకాల ఒక ఎడిటరు, ఒక చిరునామా, తేడా వస్తే తిట్టడానికి ఒక మనిషీ ఉంటారని నమ్మిన కాలంలో ఆయన చదువు సాగింది. ఇప్పుడు ఎడిటరు లేకుండానే అచ్చు వచ్చేస్తోందని ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఫోను కొనిచ్చినవాడు కవరు చించాడు, సిమ్ము పెట్టాడు, గ్రూపులో చేర్చాడు, వెళ్లిపోయాడు. ఇక తెలివితేటల సంగతికొస్తే, మోసాల్లో డబ్బు పోయిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేసేవాళ్ల లెక్కలు ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నాయి. మోసగాడి వల్ల సొమ్ము పోగొట్టుకున్నామనేవారి శాతం డెబ్బైల్లో ఉన్నవాళ్లలో కంటే ఇరవైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ. పెద్దవాళ్లు పోగొట్టుకుంటే ఆ మొత్తం పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే దాచుకున్నది వాళ్లు. మనవడు తక్కువ పోగొట్టుకోవడానికి కారణం జాగ్రత్త అనుకునే ముందు ఒకసారి అతని ఖాతా నిల్వ కూడా చూడాలి.

మూడో అభ్యంతరం ఇది. బొమ్మలు పంపడం వచ్చు, సరే, పనికొచ్చేవి రావు కదా? పింఛను మిషను దగ్గర, రేషను దుకాణం దగ్గర, ఓటీపీ దగ్గర నిలబడిపోతారు కదా? ఇక్కడ ఎవరు ఎవర్ని చదవలేకపోతున్నారో జాగ్రత్తగా చూడాలి. ఏళ్ల తరబడి చెరకు నరికి గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి తోలిన చేతులు, బెల్లం పెనాల దగ్గర వేగిన చేతులు మిషను అద్దం మీద పెడితే వేలిముద్ర పడదు. గీతలు అరిగిపోయాయి. వెంటనే పక్కనున్నవాడు ‘గట్టిగా నొక్కు తాతా, సరిగ్గా పెట్టు’ అని అరుస్తాడు. తాత సరిగ్గానే పెట్టాడు. అరవై ఏళ్లు పని చేసిన వేలు ఎలా ఉంటుందో నేర్చుకోకుండా వచ్చింది మిషనే. ఆ సంగతి యంత్రాంగానికీ తెలుసు కాబట్టే కనుపాప, ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతులు తర్వాత చేర్చారు. జీవన్ ప్రమాణ్‌కి ముఖం గుర్తింపు 2021 నవంబరులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. వేలు చదవలేని మిషను ఎలాగూ ఉంది, కనీసం గుమ్మం చదవగలిగిన మనిషి ఉన్నాడు. మరోవైపు 2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర ద్వారా తొలి విడతలోనే 161 సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. సర్కారు తన కౌంటర్లన్నీ తీసుకెళ్లి తాత పొద్దున్నే గులాబీలు పంపే వీధిలోనే తెరిచిందన్నమాట. ఆయనకి ఆ వీధి కొట్టినపిండి. ఎక్కడ ఏది నొక్కాలో పక్కన కూర్చుని ఒక్కపూట చెప్పేవాడే తక్కువ.

నవ్వు గురి ఎటు ఉండాలో మనకి నేర్పినవాడు బయటివాడేం కాదు. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న చోడవరమూ ఆ జిల్లాలోకే వెళ్లింది, నోటికి మాత్రం ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. ఈ ఒక్క అప్‌డేట్ విషయంలో తాతా మనవడూ సమానంగా వెనకబడి ఉన్నారు. 1897లో అచ్చయిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో అప్పటి కొత్త టెక్నాలజీ ఇంగ్లీషు. కొడుకు వెంకటేశం, గురువు గిరీశం ఎదురెదురుగా నిలబడి నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు విసురుకుంటే అర్థం తెలియని తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. ఆ ఘట్టంలో ప్రేక్షకుడు పగలబడి నవ్వుతాడు. ఎవర్ని చూసి? ఇంగ్లీషు రాని తల్లిని చూసి కాదు, వచ్చినట్టు నటిస్తున్న ఇద్దర్నీ చూసి. కొత్త విద్య నేర్పుతానంటూ ఆ ఇంట్లో దిగిన గిరీశం కన్ను ఎవరి మీద ఉందో నాటకం తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇంట్లోవాళ్లకి తెలియని విద్య ఒకటి ఉండి, దాన్ని ఇంట్లోవాళ్లు నేర్పకపోతే, తియ్యగా మాట్లాడే పరాయివాడు నేర్పడానికి వస్తాడు. ఇది నాటకం కాలం నాటి సంగతి అని ఊరుకునే వీలు లేదు.

ఎందుకంటే మన ఇళ్లలో పాఠం జరిగే తీరు ఇలా ఉంది. తాత ఫోను పట్టుకుని కొడుకు దగ్గరికి వస్తాడు. కొడుకు ‘ఇలా ఇవ్వండి’ అని ఫోను లాక్కుని, నాలుగుచోట్ల టకటకా నొక్కి, ‘అయిపోయింది’ అని తిరిగిచ్చేస్తాడు. రేపు మళ్లీ అదే అవసరం, మళ్లీ అదే లాక్కోవడం, ఈసారి ఒక నిట్టూర్పు అదనం, మూడోసారికి మనవడి మీమ్ తయారు. ఈ కొడుక్కి అక్షరాలు ఇలా రాలేదు. పలక లాక్కుని ‘ఓనమాలు నేను రాసేశాను, అయిపోయింది’ అని తండ్రి తిరిగిచ్చి ఉంటే ఇవాళ ఈయన సంతకం స్థానంలో వేలిముద్ర ఉండేది. చెయ్యి పట్టుకుని, గీసిన గీత మీదే పదిసార్లు దిద్దించబట్టి వచ్చింది. ఉద్యోగాలు, ప్రయాణాలు, ఈఎంఐలు, ఇంత ఒత్తిడిలో కూర్చోబెట్టి నేర్పడానికి టైమెక్కడిది అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే రోజుకి ఇన్ని రీల్స్ చూసే ఇంట్లో ఆదివారం ఒక గంట దొరకదంటే, దాని పేరు టైము కొరత అని ఒప్పుకోవడం కష్టం.

పైగా మనకి లేని ఆ టైము ఇంకొకరి దగ్గర పుష్కలంగా ఉంది. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించే ముఠాల గురించి 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనే హెచ్చరించాల్సి వచ్చింది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదన్న ఒక్క వాక్యం, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలన్న ఒక్క నంబరు, ఓటీపీ కన్నకొడుకు అడిగినా చెప్పకూడదన్న ఒక్క నియమం, ఈ మూడూ నేర్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ఇంట్లో దొరకకపోతే బయట దొరుకుతుంది. అవతలివాడు ఒక్కసారి కూడా విసుక్కోడు. ఇదీ రాదా అని నవ్వడు. గంటలకొద్దీ లైన్లో ఉండి, ‘అంకుల్, కంగారు పడకండి, కింద పచ్చ బటన్ ఉంది చూడండి, అదే, బాగా చేశారు, ఇప్పుడు పక్కది’ అంటూ చెయ్యి పట్టుకుని దిద్దించినంత శ్రద్ధగా నేర్పుతాడు. పెద్దవాళ్లకి ఇంత ఓపిగ్గా ఫోను నేర్పే బడి ప్రస్తుతం అదొక్కటే నడుస్తోంది. ఫీజు అడగరు, ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటారు.